నాటువేనా అని అడిగినందుకు

నేను వ్యాపారం పెట్టి మునిగిపోయిన కథ ఇది. మునగడమంటే ఏ మూలో చాటుగా మునగలేదు. హుజూరాబాద్‌లో మా వాడకట్టంతా కుర్చీలు వేసుకుని, చాయ్ తాగుతూ చూస్తుండగా మునిగాను.

చదువుకున్న పిల్లలు వ్యాపారాల్లోకి ఎందుకు దిగుతారని పెద్దవాళ్లు సభలు పెట్టి మరీ చర్చిస్తుంటారు. నలుగురికి ఉపాధి చూపాలని ఒకరంటారు, స్వేచ్ఛ కోసమని ఇంకొకరంటారు. వాళ్ల మాట కాదనను గానీ, నేను మాత్రం మా చిన్నమ్మ కూతురి పెళ్లిలో కడుపు నిండా తినలేకపోయినందుకు వ్యాపారం పెట్టాను.

అప్పటికి నా ఇంజనీరింగ్ అయిపోయి చాలా కాలమైంది. బంతిలో కూర్చుని ముద్ద నోటి దాకా తెచ్చానో లేదో, ఎవరో ఒకరు వచ్చి, "ఏం చేస్తున్నవ్ బిడ్డా?" అని అడిగేవారు.

"ప్రిపేర్ అవుతున్న."

"ఇంకా అవుతనే ఉన్నవా?"

ముద్ద మళ్లీ విస్తట్లోకి దిగేది. నా పక్కనే నా క్లాస్‌మేట్ సతీష్ కూర్చున్నాడు. వాణ్ని అడిగితే, "బిజినెస్" అని ఒక్క ముక్క అని మటన్ బొక్క కొరకసాగాడు. అడిగిన పెద్దమనిషి తలాడించి మర్యాదగా ముందుకు పోయాడు. ఏం బిజినెస్ అని కూడా అడగలేదు. వాడు మూడోసారి మటన్ వేయించుకుంటుంటే నాకు జ్ఞానోదయమైంది.

పెళ్లి నుంచి ఇంటికి రాగానే ప్రకటించాను. "బాపు, నేను నాటుకోళ్ల బిజినెస్ పెడుతున్న."

మా బాపు వరి పండించే మనిషి. పొలంలో ఎంత మాట్లాడతాడో తెలియదు గానీ ఇంట్లో చాలా తక్కువ. "కోడిని ఎప్పుడన్న పట్టుకున్నవారా?" అన్నాడు.

"పట్టుకునుడు ఎందుకు బాపు, అంతా టెక్నాలజీ."

వెనక గది నాదైంది. థర్మోకోల్ పెట్టెకు బల్బులు, చిన్న ఫ్యాను బిగించి, ఫోన్లో వీడియోలు చూసుకుంటూ పొదిగే యంత్రం తయారుచేశాను. నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివాక నా చేత్తో తయారై పనిచేసిన మొదటి వస్తువు అదే. రాత్రిళ్లు దాని వెలుగు తలుపు సందులోంచి చూస్తూ మురిసిపోయేవాణ్ని. కొత్త పెళ్లికొడుకు కూడా తన గది తలుపు వైపు అంత ఆశగా చూసి ఉండడు.

ఇక గుడ్లు కావాలి. వారం అంగడికి పోతే ఒకాయన గంపలో గడ్డి పరిచి గుడ్లు అమ్ముతున్నాడు. మిగతావాళ్ల గుడ్లకంటే ఇవి పెద్దవి. గట్టిగా, నున్నగా, కొంచెం నీలంగా మెరుస్తున్నాయి. మంచి జాతి చూడగానే తెలిసిపోతుందని నా నమ్మకం.

"అన్నా, ఇవి నాటువేనా?"

"పక్కా నాటువే తమ్మీ. ఫికర్ చెయ్యకు."

పాపం ఆయన అబద్ధమాడలేదు. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి. గంప గంపంతా తెచ్చాను. అవ్వ, అంటే మా అమ్మ, ఒక గుడ్డు చేతిలోకి తీసుకుని, "గివి జర పెద్దగున్నయి గదరా?" అంది.

"హైబ్రిడ్ కాదు గదనే అవ్వా. అసలు నాటు గిట్లనే ఉంటది," అని పుట్టినప్పటి నుంచి కోళ్ల మధ్య తిరిగిన మనిషికి పాఠం చెప్పాను.

కోడి గుడ్డు మూడు వారాలకు పగులుతుందని వీడియోలో చెప్పారు. ఆ లెక్కన ముహూర్తం పెట్టాను. సతీష్ ఫ్లెక్సీ కొట్టించాడు. అందులో నేను చేతులు కట్టుకుని, ఆకాశంలోకి చూస్తూ, చుట్టూ పదహారు కోళ్లతో ఉన్నాను. అనుకున్న రోజున వాడకట్టు వాళ్లంతా వచ్చారు. కరీంనగర్ నుంచి మా మేనమామ సుధాకర్ కొత్త అంగీ తొడుక్కుని వచ్చాడు. పెట్టె నడుమ, కుర్చీలు చుట్టూ. చివరి ఓవర్ చూస్తున్నట్టు అందరూ ముందుకు వంగి కూర్చున్నారు.

మొదటి చాయ్ అయింది. గుడ్లు కదల్లేదు.

"ఇప్పుడే అయితది," అన్నాను.

రెండో చాయ్ అయింది. నేను ఒక గుడ్డుకు చెవి ఆనించి, ఏదో వినబడినట్టు మొహం పెట్టాను. మూడో చాయ్‌కి పాలు లేవని అవ్వ లోపలి నుంచి కేకేసింది. అప్పుడు మామ నా భుజం మీద చెయ్యి వేసి ఎంతో ప్రేమగా అడిగాడు.

"అల్లుడా, ఏమనుకోకు. నువ్వు గీ గుడ్లను ఉడకబెట్టలేదు గదా?"

ఆ నవ్వు ఆగేసరికి చీకటి పడింది. పోతూ పోతూ మామ, "కరీంనగర్ల నాకు తెలిసిన మోటార్ల షోరూం ఉంది. వచ్చేవారం ఇంటర్వ్యూ ఉంది, పొమ్మను," అని బాపుతో చెప్పాడు.

బాపు నా వైపు తిరిగి, "గా గుడ్లు పారేసి ఇంటర్వ్యూకు చదువుకో," అన్నాడంతే. చదువుకున్నాను. గుడ్లు పారేయడానికి మాత్రం మనసొప్పలేదు. బల్బులు వెలుగుతూనే ఉన్నాయి.

ఇంటర్వ్యూకు ముందు రోజు పొద్దున వెనక గదిలోంచి కీచుకీచుమని చప్పుడు. నేను ఎగిరి గంతేసి ఇల్లంతా లేపాను. పెంకులు పగులుతున్నాయి. తడిసిన చిన్న చిన్న తలకాయలు బయటికొస్తున్నాయి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అవ్వ వంగి చూసింది.

"కోడిపిల్ల ముక్కు గింత ఎడల్పుంటదారా?"

"నాటు గదనే."

"కాళ్ల వేళ్ల నడుమ తోలుంది?"

బాపు ఒక పిల్లను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గివి కోళ్లు గావు," అన్నాడు.

"మరేంది బాపు?"

"బాతులు."

బాతు గుడ్డుకు నాలుగు వారాలు పడుతుందట. నేను నాటువేనా అని అడిగాను గానీ కోడివేనా అని అడగలేదు. గంపలో ఉన్నవి నిక్కమైన నాటు బాతు గుడ్లు.

అసలు చిక్కు తెల్లారి మొదలైంది. బాతుపిల్ల కళ్లు తెరిచి మొదట ఎవరిని చూస్తే వాళ్లే దానికి తల్లి. అవి నన్ను చూశాయి. ఇస్త్రీ అంగీ వేసుకుని గేటు దాకా పోయి వెనక్కి తిరిగితే, పసుపు రంగు ఊరేగింపు నా వెంట బారులు తీరి వస్తోంది. పరుగెత్తితే పరుగెత్తాయి. ఆగితే ఆగాయి. అరుగు మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడి చూశారు. నేను, అవ్వ కలిసి అన్నింటినీ ఏరి గదిలో పెట్టి తలుపేశాం. అన్నింటినీ అనే అనుకున్నాం.

బస్సులో నా పక్కన కూర్చున్నామె కాసేపు ఓపికపట్టి, "తమ్మీ, నీ ఫోన్ మోగుతుంది, ఎత్తరాదా," అంది.

నా ఫోన్ నా చేతిలోనే ఉంది. ఒళ్లో ఉన్న బ్యాగు మోగుతోంది.

షోరూంలో మేనేజరమ్మ నన్ను కూర్చోమంది. ఎదుట బల్ల, ఒళ్లో బ్యాగు. నేను దగ్గుతూ, గొంతు సవరించుకుంటూ ఎలాగో నెట్టుకొస్తున్నాను.

"ఈ జాబ్ నీకు ఎందుకు కావాలె?"

వారమంతా బట్టీపట్టిన జవాబు మొదలుపెట్టాను. "సంస్థ ఎదుగుదలలో నేను కూడా భాగమై..."

"కీచ్," అంది బ్యాగు.

"నా నైపుణ్యాన్ని..."

"కీచ్ కీచ్."

ఆమె పెన్ను కింద పెట్టింది. "బ్యాగుల ఏముంది బాబూ?"

జిప్పు తీశాను. పసుపు తలకాయ ఒకటి బయటికొచ్చి, నన్ను చూసి కుదుటపడి, ఆమెను చూసి నా అంగీలో దూరింది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

"మేడం, ఇంట్ల గంపెడు బాతులున్నయి. కోళ్లనుకుని పొదిగించిన. నన్ను చూసి అవ్వ అనుకుంటున్నయి. వాటికి రోజూ దాణా పెట్టాలె. అందుకే జాబ్ కావాలె."

ఆమె టేబుల్ మీద తల పెట్టి నవ్వింది. పక్క గదిలోంచి అకౌంటెంట్ వచ్చి ఏమైందని అడిగాడు. చాలాసేపటికి కళ్లు తుడుచుకుని, "గిన్నేండ్ల సంది గీ ప్రశ్న అడుగుతున్న. నిజం చెప్పినోనివి నువ్వొక్కనివే. రేపటి సంది రా. బ్యాగు మాత్రం ఇంట్ల పెట్టి రా," అంది.

అలా ఉద్యోగస్థుడినయ్యాను. బాతులు పెరిగి మా వరి మడిలో దిగాయి. పురుగును గెలికి తింటున్నాయని బాపు వాటి వెంట తిరుగుతూ, నాతో ఏనాడూ మాట్లాడనన్ని మాటలు వాటితో మాట్లాడుతున్నాడు. ఎవరైనా అడిగితే, "నా కొడుకు షోరూంల చేస్తడు," అంటాడు. ఆ వెంటనే, "బాతులకు అవ్వ గూడ వాడే," అని కలుపుతాడు.

కాబట్టి పాఠకులారా, మీ సాక్షిగా, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నేను తల్లి మొహం కళ్లారా చూడకుండా గుడ్డు కొనను. ఆమ్లెట్‌కైనా సరే.