సముద్రం వైపు తలుపు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లని మా ఊళ్లో నాకంటే ఎక్కువ వెక్కిరించినవాళ్లు లేరు. ఇప్పటికీ నమ్మను. నమ్మితే ఆ ఇంట్లో ఇన్నేళ్లు కాపురం చేసేదాన్నా? జరిగింది జరిగినట్టు చెబుతాను, మీకు తోచింది మీరు అనుకోండి.

మాది నల్లపాడు అవతల పల్లెటూరు. మిరప వ్యవసాయం. చిన్నప్పట్నుంచీ కల్లంలో ఎండుకాయల మధ్యే తిరిగిన మా ఆయనకి నలభై దాటేసరికి ఉబ్బసం ముదిరింది. ఆ ఘాటుకి దూరంగా తీసుకుపోకపోతే మనిషి దక్కడని గుంటూరు డాక్టరుగారు నా మొహం మీదే చెప్పారు. ఎనభైల మొదట్లో పొలం కౌలుకిచ్చి, కొత్తపట్నం దగ్గర సముద్రానికి ఎదురుగా ఇల్లు కట్టుకున్నాం.

లోపల ఎలా ఉండాలో అంతా నేనే చెప్పి చేయించాను. ఉప్పుగాలికి ఇనుము నిలవదని బందులూ గడియలూ ఇత్తడివి పెట్టించాను. కింద నాపరాళ్లు. సోఫాలు, బీరువాలు వద్దన్నాను. గోడల వెంట వెడల్పాటి సిమెంటు అరుగులు, గోడల్లో గూళ్లు, అంతే. పిల్లలు నీళ్లు కారుతూ ఇసుక కాళ్లతో వచ్చి కూర్చున్నా బకెట్టు నీళ్లు కొడితే సరిపోతుంది.

"వదినా, ఇది ఇల్లా, వెయిటింగ్ రూమా?" అన్నాడు మా మరిది.

"నీ రైలు వచ్చేదాకా కూర్చో నాయనా," అన్నాను.

హాల్లో సముద్రం వైపు పెద్ద తలుపు పెట్టించాను, ఆ గాలి ఆయనకి బాగా తగలాలని. దానికి లోపలినుంచి వేపచెక్క అడ్డకర్ర. తీరా చేరాక ఆయన మధ్యాహ్నం సముద్రపు గాలి లేవగానే ఆ తలుపు బిగించేసేవారు. మా వైపు కాయలు ఎండే రోజుల్లో గాలి లేస్తే చాలు, ఘాటు రాకుండా తలుపులన్నీ మూసేసుకుంటాం. ఆ అలవాటు ఇక్కడికీ మోసుకొచ్చారు. ఇక్కడ ఘాటెక్కడిదండీ అంటే వింటేగా!

అప్పుడు మొదలైంది. ఆయన తలుపేసి లోపలి గదిలో నడుం వాలుస్తారు. నేను వంటిల్లు సర్దుకుని వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంటుంది. అడ్డకర్ర కింద పడి ఉండదు, గోడకి ఆనించి ఉంటుంది. పిల్లలా, బడిలో ఉంటారు. గాలి అనుకుందామంటే, గాలి కర్ర తీసి గోడకి ఆనిస్తుందా? ఒకరోజు నేనే తలుపేసి ఎదురుగా కూర్చున్నాను. ఏమీ కాలేదు. మంచినీళ్లకి లేచివచ్చేలోపల తీసేసి ఉంది.

భయం కాదు, నాకు ఒళ్లు మండింది. "ఎవరైనా సరే, ఈ ఇల్లు నాది. ఆయన జోలికొచ్చావో, ఊరుకోను!" అని ఖాళీ హాల్లో నిలబడి అరిచాను.

సంగతి తెలిసి మా మరిది ఇల్లు అమ్మేసి వచ్చేయమన్నాడు. "మళ్లీ ఆ కల్లం పక్కకి తీసుకొచ్చి మీ అన్నయ్యని చంపుకోమంటావా?" అన్నాను.

ఒక సంతరోజు. ఆయన పడుకున్నారు. సముద్రం వైపు అడ్డకర్ర వేసి ఉండడం కళ్లారా చూసి, వీధి తలుపుకి బయట తాళం పెట్టి, తాళంచెవి బొడ్లో దోపుకుని సంతకెళ్లాను.

తిరిగొచ్చి తాళం తీస్తే, సముద్రం వైపు తలుపు బార్లా తెరిచి ఉంది. దాని పక్కన అరుగు మీద, వీపు వెనక దిండుతో ఆయన కూర్చుని ఉన్నారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. కానీ ఊపిరి ఆడుతోంది.

"ఆయాసమొచ్చి కింద పడిపోయాను. ఇంక అయిపోయిందనుకున్నా. సమయానికి వచ్చి కూర్చోబెట్టావు," అన్నారు మెల్లగా. "నీ చేతులేంటి, అంత చల్లగా ఉన్నాయి? బావి దగ్గర్నుంచి వచ్చావా?"

సంతసంచి ఇంకా నా చేతిలోనే ఉంది. దాన్ని అక్కడే వదిలేసి, ఆయన పక్కన కూర్చుని ఏడ్చాను.

అన్నయ్యే లేచి తలుపు తీసుకుని మర్చిపోయుంటాడన్నాడు మా మరిది. ఆయాసమొస్తే మంచినీళ్ల గ్లాసు పట్టుకోలేని మనిషి! కాదంటే దెయ్యమేనని, ఒక భూతవైద్యుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఇద్దర్నీ గుమ్మం బయటే నిలబెట్టి వెనక్కి పంపేశాను.

ఆ వచ్చిందెవరో నాకు తెలీదు. ఎంత ఆలోచించినా ఈనాటికీ అంతుచిక్కలేదు. కానీ నేను లేనప్పుడు నా మనిషిని లేపి కూర్చోబెట్టిన చేతులు అవి. వాటిని నా ఇంట్లోంచి తరమమంటే అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.