సూర్యనారాయణ గారి కంచం

ఇప్పుడంటే ఎవరేమడిగినా "ఏమో, నాకు తెలీదు" అని చెప్పడం నేర్చుకున్నాను గానీ, ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఆ రోజులంటే ఏ రాజుల కాలమో అనుకునేరు, ఓ పదేళ్ళ కిందటి మాట. ఇరవై రెండేళ్ళ వయసు, విజయనగరంలో చదివిన బీకాం, చేతిలో కొత్త స్మార్ట్‌ఫోను. ఈ మూడూ ఒక్కచోట చేరితే మనిషికి పట్టే జ్ఞానం ఇంతా అంతా కాదు. బ్యాంకు పరీక్షలు రెండుసార్లు తప్పాక మా మావయ్య వచ్చి, ఇంట్లో కూర్చుని ఆ ఫోను నొక్కే బదులు తన కొట్లో కూర్చుని నొక్కితే కనీసం కాపలా అయినా ఉన్నట్టుంటుందని మా అమ్మతో చెప్పి నన్ను శ్రీకాకుళం పట్టుకొచ్చాడు. అరసవల్లి వెళ్ళే రోడ్డు మీద ఆయనకి చిన్న వెండికొట్టు ఉంది. (చిన్నదని నేనంటున్నాను. ఆయన మాత్రం 'షోరూమ్' అనేవాడు.)

మా కొట్టుకి పాత వెండి ఇచ్చి కొత్త వెండి పట్టుకెళ్ళేవాళ్ళే ఎక్కువ వచ్చేవారు. వచ్చిన పాత సామాను విడదీయడం నా ఉద్యోగం. బల్ల మీద రెండు పళ్ళేలుండేవి. ఒకటి కరుగు, ఒకటి మెరుగు. కరుగులో వేసింది వెనక గదిలో పనిచేసే కంసాలి తాత కుంపటికి పోతుంది, మెరుగులో వేసింది సొట్టలు తీయించుకుని, తళతళలాడుతూ మళ్ళీ అద్దాల బీరువాలోకి వస్తుంది. ఏది ఎందులో వెయ్యాలన్నదానికి మావయ్య దగ్గర ఒకటే సూత్రం. మా వైపు గిన్నె కొన్నా గ్లాసు కొన్నా దాని మీద పేరు కొట్టించందే ఇంటికి పట్టుకెళ్ళరు కదా (పెళ్ళిళ్ళలో వంటసామాను కలిసిపోతే గుర్తుపట్టాలి మరి), ఆ పేరున్న వస్తువు ఇంకొకరు కొనరు. గీకేస్తే అక్కడ పల్చబడి మరక తేలుతుంది. "పేరున్నాదా, కరుగు. లేదా, మెరుగు. దీనికి బీకాం అక్కర్లేదు" అని మొదటిరోజే తేల్చేశాడు.

నాకా మాట నచ్చలేదు. నూటికి తొంభై రెండున్నర పాళ్ళు వెండి, మిగతాది రాగి ఉంటే దాన్ని స్టెర్లింగ్ అంటారనీ, ఎక్కడో చలిదేశాల్లో అలాంటి పాత సామాను మీద ఎవరి పేరుంటే అంత విలువనీ, కరిగించడమంటే చరిత్రని మంటల్లో పారెయ్యడమేననీ నా ఫోను నాకు చెప్పింది. నేను మావయ్యకి చెప్పాను. ఆయన చుట్ట వెలిగించుకుంటూ అంతా విని, ఆ దేశాల్లో అన్నం ఎందులో తింటారని అడిగాడు. అలాంటి మనిషితో వాదన పెట్టుకోకూడదని అనుకున్నాను.

అదిగో, ఆ వారంలోనే ఆమదాలవలస నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. అరవై దాటి ఉంటాయి, నూలుచీర, చంకలో గుడ్డసంచి. సంచిలోంచి పెద్ద వెండికంచం తీసి బల్ల మీద పెట్టింది. అంచుకి ఒకచోట సొట్ట, అడుగున 'బొ. సూర్యనారాయణ' అని గుండ్రటి అక్షరాలు. గీటురాయి మీద గీసి ఆసిడ్ చుక్క వేసి చూస్తే సరిగ్గా నా స్టెర్లింగే. నా ఒళ్ళు పులకరించింది. ఆవిడ దానికి బదులు ఒక జత పట్టీలు ఎంచుకుంది, ఎంచుకున్నవి అక్కడే కాళ్ళకి పెట్టుకుంది. మిగిలిన డబ్బు కొంగున కట్టుకుని, వెళ్ళబోతూ ఆగి నాతో అంది:

"బతికున్న మనిషి పేరు నిప్పులో ఎయ్యకూడదమ్మా. ఆ ఒక్కటీ సూసుకో. పేరు గీకించీసి ఎవరికైనా అమ్మీయండి, నాకేటీ అభ్యంతరం లేదు."

నేను చెయ్యి పట్టుకుని మాటిచ్చాను. ఆవిడ కళ్ళలో తడి కూడా కనబడింది నాకు. (ఉందో లేదో దేవుడికెరుక. చూడాలనుకున్నది చూడటంలో నేను దిట్టని.) భర్త కంచం, ఇన్నేళ్ళ కాపురం, తప్పని అవసరం, గుండె రాయి చేసుకుని అమ్ముకోవడం... కథంతా నేనే అల్లేసుకున్నాను. ఎందుకమ్ముతున్నారని మాత్రం అడగలేదు. ఇంత చక్కటి కథ చేతిలో ఉండగా అడగాల్సిన పనేముంది!

సాయంత్రం మావయ్య వచ్చి కంచం తిప్పి పేరు చూసి కరుగు పళ్ళెంలో వేశాడు. నేను తీసి మెరుగులో పెట్టాను. ఆయన మళ్ళీ కరుగులో వేశాడు. నేను మాటిచ్చానన్నాను. ఎవర్నడిగి ఇచ్చానన్నాడు. పేరు గీకిస్తే అరతులం పోతుంది, మరక మిగులుతుంది, గీకించకపోతే ఎవడూ కొనడు, కాబట్టి కుంపటే గతి అని ఆయన లెక్క. నేను అన్నం మానేశాను. ఒక పూట మానేస్తే అత్త కలగజేసుకుంది. చివరికి మావయ్య దిగొచ్చి, "నెల్లాళ్ళు సూస్తాను. అమ్మితే నీ తెలివి. లేదంటే పేరుతో సహా అది కుంపట్లోకి, పెట్టితో సహా నువ్వు విజీనారం బస్సులోకి" అన్నాడు.

ఆ రాత్రి ఆలోచిస్తే మెరుపులాంటి ఉపాయం తట్టింది. మేమున్నది ఎక్కడ? అరసవల్లి సూర్యనారాయణస్వామి పాదాల దగ్గర. ఇక్కడ ఇంటికొక సూర్యనారాయణ ఉంటాడు. కొన్ని ఇళ్ళలో ఇద్దరు. పేరంతా గీకించడం ఎందుకు, ముందున్న 'బొ' ఒక్కటీ తీసేస్తే చాలు, పేరు కొట్టించే ఖర్చు కూడా లేకుండా సిద్ధంగా ఉన్న కంచం! మర్నాడే తాత చేత ఆ ఒక్క అక్షరం అరగదీయించి, సొట్ట తీయించి, మెరుగు పెట్టించాను. అద్దంలా వచ్చింది. తాత దాన్ని నా చేతికిస్తూ, పేరు కోసం కంచం చేయించుకున్నవాళ్ళని చూశాను గానీ కంచం కోసం మనుషుల్ని వెతికేదాన్ని నిన్నే చూస్తున్నానన్నాడు.

వెతికాను. నెల్లాళ్ళలో తొమ్మిదిమంది సూర్యనారాయణల్ని పట్టుకున్నాను. కిళ్ళీకొట్టు సూర్యనారాయణ కంచం ముట్టుకోకముందే పాత యజమాని ఉన్నాడా పోయాడా అని అడిగాడు. నిక్షేపంగా ఉన్నారన్నాను. ఉంటే మరెందుకు అమ్ముకున్నాడన్నాడు. నాకు తెలియదని చెప్పడం నా ఇంటావంటా లేదు కనుక, బంగారుకంచం చేయించుకున్నారండీ అని చెప్పాను. అంత బంగారం కొనేవాడు వెండి అమ్ముకోవడమేమిటని ఆయన నన్ను అనుమానంగా చూశాడు. రిటైరైన ఒక మాస్టారు సూర్యనారాయణ, ఇందులో తింటే ఆయన అదృష్టం తనకొస్తుందా, ఆయన సుగరొస్తుందా అని అరగంట తర్కించి, రెండూ అక్కర్లేదని తేల్చాడు. ఆటో సూర్యనారాయణకి మాత్రం కంచం తెగ నచ్చింది. తీసుకునేవాడే, వాళ్ళావిడ గుమ్మంలోంచి "తోమీదెవులు?" అన్నది. అంతే, ఆయన కంచం నా చేతిలో పెట్టి ఆటో ఎక్కేశాడు. తోమేదెవరన్న ఆ రెండు ముక్కల్లో ఉన్న సంగతి అప్పుడు నా చెవికెక్కలేదు.

గడువు ఇంకా నాలుగు రోజులుందనగా ఒక ఆదివారం, గుడి నుంచి వస్తూ పంచె కట్టుకున్న పెద్దాయన కొట్లోకి వచ్చాడు. నుదుట ఎర్రటి బొట్టు, చేతిలో ప్రసాదం పొట్లం. రైసుమిల్లులో గుమాస్తాగా చేసి మానేశాడట. ఇంట్లో దొంగ పడి వెండికంచం ఎత్తుకుపోయాడనీ, నెల్లాళ్ళుగా స్టీలు కంచంలో తింటుంటే అన్నం గొంతు దిగడం లేదనీ చెప్పాడు. పేరేమిటన్నాను. సూర్యనారాయణ అన్నాడు. బీరువాలోంచి కంచం తీసి తిరగేసి ఆయన ముందు పెట్టాను.

ఆయన తన పేరు చూసుకుని, రోడ్డు చివర గుడివైపు తిరిగి దణ్ణం పెట్టాడు. తరవాత కంచాన్ని వెలుతురుకేసి పట్టుకుని తిప్పితిప్పి చూశాడు. "మాదీ ఇంత పెద్దదే గానీ, ఎప్పుడు సూసినా మసిబారిపోయి ఉండీది. మా ఇంటిదానికి తోమడం రాదు. నలబై ఏళ్ళు సెప్పేను. ఇది సూడు, ఎలా మెరిసిపోతన్నాదో" అన్నాడు. నేను నవ్వి, అవునండీ, కొందరికి వస్తువు విలువ తెలీదండీ అన్నాను. (ఈ వాక్యం రాయడానికి నాకిప్పుడు ఎంత కష్టంగా ఉందో మీకు తెలీదు.) పాత యజమాని బంగారుకంచం చేయించుకున్నాడని కూడా చెప్పాను. "అదృష్టమంటే ఆడిది. ఎక్కడున్నా సల్లగా ఉండాల" అని దీవించి, బేరమైనా ఆడకుండా కొనుక్కుని పోయాడు.

ఆ నాలుగు రోజులూ నేను నేల మీద నడవలేదు. మావయ్య ఇకమీదట కరుగో మెరుగో నన్నే చూసుకోమన్నాడు. ఐదోరోజు మధ్యాహ్నం గుమ్మంలో పట్టీల చప్పుడైంది. చూస్తే మా ఆమదాలవలస పెద్దమ్మ. నేను ఎదురెళ్ళి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, మీ కంచం కరిగించలేదండీ, మంచి ఇంటికి పంపించానండీ అన్నాను.

"తెలుసు" అంది. "ఆ ఇంటికాడ నుంచే తెస్తన్నాను."

సంచిలోంచి కంచం తీసి బల్ల మీద పెట్టింది. నా పులకరింతలన్నీ ఎక్కడివక్కడే చచ్చిపోయాయి. ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తన రెండు చేతులూ నా ముందు చాపి చూపించింది. వేళ్ళ చివర్లు పగుళ్ళు పగుళ్ళుగా ఉన్నాయి, గోళ్ళ పక్కన కొత్తగా ఎర్రబడింది. చింతపండుతో, ముగ్గుపిండితో పూటకోసారి ఆ కంచం తోమడం, నలభై ఏళ్ళు. ఎంత తోమినా మళ్ళీ నల్లబడేదట. పుల్లటిది తగిలితే చాలు ఆ వేళ్ళు భగ్గుమంటాయట. తెల్లారి చన్నీళ్ళలో చెయ్యి పెట్టాలంటే ఏడుపొచ్చేదట. వద్దంటే ఆయన వినడు, స్టీలులో తినడు, తను తోమడు. అందుకే కంచం మాయం చేసి దొంగ మీదకి తోసింది. అది పోయిన ఆ నెల్లాళ్ళలో వేళ్ళు మానిపోయాయట.

"ఇన్నాళ్ళూ నల్లగుంటే సర్దుకుపోయీవోడు. ఇప్పుడు నువ్వు మెరిపించి ఇచ్చేవు కదా. రోజూ ఇలాగే ఉండాలంటన్నాడు" అంది.

నేను ఏడ్చేశాను. ఆవిడే నా వీపు నిమిరి, "ఊరుకో గుంటా, సిన్నదానివి, నీకేటి తెల్సు" అంది. పుట్టి బుద్ధెరిగాక నాకేమీ తెలియదని ఒకరనడం, నేను ఒప్పుకోవడం అదే మొదలు.

తాతని పిలిచాను. ఆవిడ కుంపటి పక్కనే పీట వేయించుకుని కూర్చుంది. తాత ముందు పేరంతా ఆకురాయితో అరగదీశాడు. ఒక్కో అక్షరం పోతుంటే ఆవిడ వంగి చూస్తూ, అదిగో ఇంకా కొమ్ము కనబడుతోంది, ఇంకా దీర్ఘం ఉంది అని దగ్గరుండి చెప్పి తీయించింది. బతికున్న మనిషి పేరు కదా, ఆ పట్టింపు ఆవిడకి నిజంగానే ఉంది. ఆ తరవాత కంచాన్ని ముక్కలు చేసి మూసలో వేశారు. చివరి నిమిషంలో వద్దంటుందేమో, కళ్ళు తుడుచుకుంటుందేమో అని నేను లోలోపల ఎదురుచూశాను. (అంత జరిగినా నా కథల పిచ్చి వదల్లేదు.) ఆవిడ టీ అడిగింది. రెండు గ్లాసుల టీ తాగుతూ అంతా కరిగేదాకా కదల్లేదు.

ఇంటికెళ్ళి ఆయనతో ఏం చెబుతారని అడిగాను. అడగడం అప్పటికి వంటబట్టింది.

"మళ్ళీ దొంగ పడ్డాడని సెప్తాను. పాపం, ఆడికి మా ఇల్లు అలవాటైపోనాది" అంది.

మావయ్య బస్సు సంగతి ఎత్తలేదు గానీ, రెండేళ్ళ తరవాత నా పెళ్ళైనప్పుడు పెద్ద వెండికంచం చదివించాడు, అడుగున మా ఆయన పేరు లోతుగా కొట్టించి మరీ. అది బీరువాలో చీరల కింద ఉంది. మేమిద్దరం స్టీలు కంచాల్లోనే తింటాం. తొమ్మిదిమంది మగవాళ్ళని వెతికి వెతికి అభిప్రాయం అడిగి, ఎదురుగా నిలబడ్డ ఆడమనిషిని ఒక్క మాట అడగని ఆ బీకాం పిల్ల గుర్తొచ్చినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, వెనకాలే సిగ్గూ వస్తుంది. ఆ కంచం వాడదామా అని ఇన్నేళ్ళలో మా ఆయన్ని నేను అడగలేదు. ఆయనకి అందులో తినాలని ఉందో లేదో నాకు తెలీదు.