కత్తెర పడని ద్రాక్షతీగ

కార్తీకమాసంలో త్ర్యంబకేశ్వరుడి దర్శనం చేసుకుని నాసిక్‌కు తిరిగి వస్తుంటే దారి పొడుగునా ద్రాక్షతోటలే. మన గుంటూరు మిర్చికి ఉన్నట్టే ఆ లోయ ద్రాక్షకీ, దాంతో చేసే వైన్‌కీ ఊరి పేరు మీద ప్రభుత్వ గుర్తింపు ఉందని మా యాత్ర బస్సు వంటాయన చెప్పాడు. వైన్ అనగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

"వాసన ఇక్కడిదాకా రాదులేవే," అని మావారు నవ్వారు. "ఊళ్లో మాత్రం చెప్పకు. యాత్రకని పోయి వైన్‌షాపు చూసొచ్చారంటారు."

టీకి బస్సు ఆపినచోట ఒక రైతు తీగలు కత్తిరిస్తున్నాడు. పచ్చటి తోటను బోడిగుండు చేస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది. మావారు మాత్రం, బస్సు హారన్ కొడుతున్నా కదల్లేదు. వచ్చీరాని హిందీలో అన్నీ అడిగారు. ఆ రైతు కిందపడ్డ కొమ్మల్లో మూడు ఏరి, తడిగోనెలో చుట్టి ఇచ్చాడు. వద్దంటున్నా టీ ఇప్పించాడు. పేరైనా అడగలేదు గానీ, ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు ఆ మనిషిని తలుచుకుంటాను.

"ఏటేటా వానలు వెళ్లగానే ఇలా కత్తిరించాలట. లేకపోతే ఆకులే గానీ కాయ రాదట," అని బస్సెక్కాక మావారు నాకు పాఠం చెప్పారు.

మూడింట్లో ఒకటి బతికింది. నల్లరేగడిలో నిలవదని అందరూ అంటే, మావారు పెరట్లో ఎర్రమట్టి తోలించి సరుగుడు కర్రలతో పందిరి వేశారు. రెండేళ్లకు పందిరంతా అల్లుకుంది. మన పెరటి ద్రాక్షగుత్తి ఒక్కటి తినాలే అనేవారు. పెద్ద కోరికలు లేని మనిషి.

వానలు వెళ్లాక కత్తెరతో నిచ్చెన ఎక్కారు. నేను అడ్డం పడ్డాను.

"శివుడి దగ్గర్నుంచి వచ్చిన తీగండీ. మారేడుచెట్టుకి కత్తి పెడతామా?"

"నేనేం చెట్టు కొట్టడంలేదే! కొసలు తుంచుతున్నా."

"కార్తీకంలో అసలొద్దు."

దిగేశారు. "సరే తల్లీ. నీ దేవుడు, నీ తీగ."

మరుసటి ఏడూ అంతే. ఆపై ఏడూ అంతే. బడి మొహం చూడని నాకు నాన్నగారు ఇంట్లోనే అక్షరాలు నేర్పి పురాణాలు చదివించారు. పచ్చని చెట్టును నొప్పించకూడదన్నది అలా నాటుకుపోయింది. ఆ రైతు చేసింది కళ్లారా చూసి కూడా బుర్రకెక్కలేదు. మావారు మిరపచేలోంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, పందిరి కింద ఆకులు తొలగించి చూసేవారు. "ఏం లేదు," అనేవారు, కరెంటు లేదన్నంత మామూలుగా. ఒక్కనాడూ దెప్పలేదు. అలాంటి మనిషితో కాపురం చేయించినందుకు దేవుడికి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.

ఒక శ్రావణంలో ఆయన వెళ్లిపోయారు.

మరుసటి కార్తీకంలో, సోమవారం పూట తలస్నానం చేసి, తీగకు దణ్ణం పెట్టి, నేనే నిచ్చెన ఎక్కాను. ఆ రైతు చేసినట్టే కొసలన్నీ కత్తిరించాను.

మాఘం వెళ్లేసరికి గుత్తులు రంగు తిరిగాయి. మిరపకోతకు వచ్చిన ఆడవాళ్లు మంచినీళ్లకని పెరట్లోకొచ్చి ఆగిపోయారు.

"ఏం పెద్దమ్మా, ఇన్నేళ్లూ కాయంది ఇప్పుడు కాసింది! ఏం మందేశావు?"

"మందేం లేదు. కత్తిరించాను."

"అంతేనా?"

"అంతేనమ్మా."

మొదటి గుత్తి దేవుడికి పెట్టాను. రెండోది కడిగి, పళ్లెంలో పెట్టి, మావారి ఫొటో దాకా తీసుకెళ్లాను. అక్కడ పెట్టలేకపోయాను. వెనక్కి తెచ్చి ఆ ఆడవాళ్ల చేతుల్లో పోశాను. తియ్యగా ఉన్నాయన్నారు.

నేనింకా నోట వేసుకోలేదు.