నిమ్మకాయ తొక్కిన ట్యాంకు

పెళ్ళయి కుప్పం నుంచి తమిళనాడు ధర్మపురికి వచ్చేటప్పుడు మా అమ్మ రెండు మాటలు చెప్పి పంపింది. అత్తకు ఎదురు చెప్పకు, మొగుడి సామాన్లు సర్దకు. మొదటిది చాలాసార్లు తప్పాను. రెండోది తప్పే వీలే లేకపోయింది. నడవలో సగం ఆక్రమించుకుని ఒక యుద్ధ ట్యాంకు కూర్చుని ఉండేది. దాన్ని ఎక్కడికని సర్దను?

నిజం ట్యాంకు కాదు లెండి. మా ఆయన పటాలంలో నడిపిన ట్యాంకుకు చెక్కతో, రేకుతో చేసిన నమూనా. నమూనా అంటే చేతిలో పట్టేది కాదు, మేకపోతంత ఉండేది. లోపల రెండు లారీ వైపర్ మోటార్లు, ఒక స్కూటర్ బ్యాటరీ. విమానం బొమ్మలు ఎగరేసే సరదా ఉన్న ఒక ఆఫీసరు బదిలీ మీద పోతూ ఈయనకు రేడియో పెట్టె ఇచ్చిపోయాడు. దూరంగా నిలబడి దాంతో ట్యాంకును నడపవచ్చు. పటాలం నుంచి వచ్చాక ఈయనకున్న ఉద్యోగం అదొక్కటే.

"ఇట్లా ఎన్నాళ్ళు?" అని నేను విసుక్కుంటే, "లైసెన్సు ఉండాది, రమ్మనే బొంబాయి లారీ ఉండాది. అమ్మ సరే అనాల గదా" అనేవారు.

అత్త సరే అనదు. మా మామ చింతపండు లోడుతో బొంబాయికి పోయి తిరిగి రాలేదు. లారీ దారిలోనే బోల్తా పడింది. అప్పటి నుంచి స్టీరింగు మాట ఎత్తితే చాలు, ఆమె లేచి లోపలికి పోయేది. అదే కొడుకును ట్యాంకు నడపడానికి మాత్రం నవ్వుతూ పంపిందట. చుట్టూ ఇనుపగోడ ఉంటుంది కదా, వాడికేమవుతుందని ఆమె ధైర్యం. యుద్ధం సంగతి ఆమెకు ఎవరూ గుర్తు చేయలేదనుకుంటాను.

నేను వచ్చిన ఏడు ఆయుధ పూజకు వీధిలో బండ్లన్నిటికీ గంధం, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. ఈయన ట్యాంకును కూడా వాకిట్లోకి దించారు. అది నిమ్మకాయ మీదికి సగం ఎక్కి, ఎడమ పక్క చక్రాల చుట్టూ తిరిగే ట్రాకు పటుక్కున తెగి, పక్కకు ఒరిగింది. పిండిమిల్లు బెల్టుకు చెక్క పలకలు కొట్టి చేసిన ట్రాకు మరి, ఇంకేమవుతుంది? స్పానరు తీసి బిగిద్దామంటే అన్ని పనిముట్లూ పూజలో ఉన్నాయి, మరునాటి దాకా ముట్టకూడదు. వీధంతా చూస్తుండగా మొగుడూ పెళ్ళాం చెరో పక్క పట్టుకుని లోపలికి మోసుకొచ్చాం. నాకు ఎంత తలకొట్టేసినట్టయిందో!

అత్త ఇంకోలా తీసుకుంది. "నిమ్మకాయ దాటనోడికి బొంబాయి రోడ్డా?" అంది. "మళ్ళా పూజకు అది దాటి, తిరిగి నా గడప కాడికి రానీ. అప్పుడు మాట్లాడదాం."

ఇక చూడండి ఆ ఏడాది మా ఇల్లు. సైకిల్ షాపులో పాత చైన్లన్నీ మా ఇంటికే చేరాయి. వాటిని కిరసనాయిల్లో నానబెట్టడానికి ఆయనకు నా చారు గిన్నే దొరికింది. రెండేసి చైన్లు పక్కపక్కన పరిచి, వాటికి అడ్డంగా ఇనుప పట్టీలు బిగించి, పట్టీ పట్టీకీ కింద టైరు ముక్క అంటించారు. బరువు మోసే ట్రాకు తయారైంది. కానీ ట్యాంకు తిరగాలంటే ఒక పక్క ట్రాకు ఆపి, రెండోది నడపాలి. అప్పుడు ట్రాకు పక్కకు లాగి చక్రాల మీంచి జారిపోయేది. జారినప్పుడల్లా ఈయన అన్నం మానేసేవారు. కోపమంతా నా మీదేమోనని నేనూ మానేసేదాన్ని. చివరికి పట్టీల లోపలి వైపు ఇనుప పళ్ళు కొట్టారు. అవి చక్రాల మధ్య గాడిలో ఇరుక్కుని ట్రాకును జారనివ్వలేదు. పాపిరెడ్డిపట్టి నుంచి చూడవచ్చిన మా ఆడబిడ్డ, "వదినా, నీ సవితికి నగలు బాగుండాయి" అని నవ్వింది.

పూజ నాడు అత్త నిమ్మకాయను తానే ఏరి తెచ్చింది. పచ్చిది, రాయిలాంటిది. నాకు ఒళ్ళు మండింది.

ట్యాంకు కదిలింది, ఎక్కింది, నిమ్మకాయ చిట్లి రసం చిమ్మింది. వీధి చప్పట్లు కొట్టింది. అత్త గడప మీంచి లేవలేదు. "పోయేది ఎవురైనా పోతారు. వెనక్కి రానీ" అంది.

ఈయన ఎడమ ట్రాకు ఆపారు. కుడిది గరగరమంటూ మట్టిని తవ్వింది. పళ్ళు జారితే మళ్ళీ ఏడాది ఆగాలి, పనిముట్లన్నీ పూజలోనే ఉన్నాయి. ట్యాంకు నిదానంగా చుట్టూ తిరిగి, నిమ్మతొక్క అంటించుకునే వచ్చి, అత్త కాళ్ళ ముందు ఆగింది.

ఆమె వంగి ట్రాకు తడిమింది. కొంగుతో నిమ్మరసం తుడిచింది. తల ఎత్తకుండానే, "మీ నాయన బండికి ఇట్లాంటిది ఉండుంటే తిరిగొచ్చుండును" అంది.

ఈయన రేడియో పెట్టెను గడప మీద పెట్టారు.

"బొంబాయి వద్దురా. ఈ పక్కనుండే హరూరు బస్సు తోలు. రేత్రి కూటికి ఇంట్లో ఉండు" అంది.

ఈయన సరేనని తలూపారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పొయ్యి మీద పప్పు ఉందని చెప్పి లోపలికి పోయాను.