గ్లెనిస్ అంటించిన చార

మా ఊళ్ళో గోడలకు కాగితం అంటించడం గ్లెనిస్ టాపింగ్ పని. నలభై రెండేళ్ళు అదే పని చేసింది. మా ముందు గదిలో ఉన్న పూల కాగితం ఆమె చేతిదే, మెట్ల పక్కనున్న చారల కాగితమూ ఆమెదే. డెర్బీషైర్ కొండల మీద కట్టిన ఇళ్ళు కాబట్టి మా ఇళ్ళన్నీ ఏదో ఒక పక్కకు ఒరిగే ఉంటాయి. అందుకని గ్లెనిస్ ఏ గోడనూ నమ్మేది కాదు, ఏ గుమ్మాన్నీ నమ్మేది కాదు. వచ్చీ రాగానే సంచిలోంచి దారానికి వేలాడే తూకంగుండు ఒకటి, బుడగ ఉన్న రసమట్టం ఒకటి తీసేది. "మీ ఇల్లు ఎటైనా పోనీ, నా కాగితం మాత్రం తిన్నగా ఉంటుంది" అని ఇంటివాళ్ళ మొహం మీదే అనేది. మనిషి పొట్టి, మాట గట్టి. పక్కింట్లో ఇరవై ఆరేళ్ళుగా ఉంటున్నాను కాబట్టి ఆ మాటలు నేను కావలసినన్ని పడ్డాను.

అలాంటి మనిషికి నిరుడు భయం పట్టుకుంది. కంట్లో శుక్లం తీయించుకున్న రెండు నెలలకు, చనిపోయిన డాక్టరుగారి భార్య మిసెస్ పెనక్ పడకగదికి కాగితం అంటించింది. కిటికీ దగ్గర ఒక వరస వేలెడు పక్కకు పోయింది. మిసెస్ పెనక్ దాన్ని చూసి, "దీనికంటూ ఒక వ్యక్తిత్వం ఉంది" అంది. మా వాళ్ళు ఏదైనా నచ్చకపోతే నచ్చలేదని నోటితో అనరు. ఇలాంటి మాట ఒకటి తీసి టీతో పాటు చేతిలో పెడతారు. నేనూ ఈ ఊళ్ళోనే పుట్టినా ఈ అలవాటు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. గ్లెనిస్ మాత్రం ఆ మాటకి నవ్వి, కప్పు కడిగిపెట్టి ఇంటికి వచ్చి, ఆ తరవాత ఒక్క పనీ ఒప్పుకోలేదు.

అదే సమయంలో ఊరి హాలు వాళ్ళు కబురు పెట్టారు. పాత మిల్లు అటకమీద వందేళ్ళనాటి చారల కాగితం పదకొండు చుట్టలు దొరికాయి. సమావేశాల గదికి సరిగ్గా సరిపోతాయి, ఒక్క మూర కూడా మిగలదు, పన్నెండో చుట్ట ప్రపంచంలో లేదు. కమిటీ కార్యదర్శి రోలండ్ బ్లైత్ స్వయంగా వచ్చి అడిగాడు. ఆలోచించి చెప్తానంది. ఆరు నెలలు ఆలోచించింది.

"నా కళ్ళు మోసం చేస్తే?" అని ఒకరోజు కంచె మీదుగా నాతో అంది. "ఆ కాగితం పాడుచేస్తే మళ్ళీ ఎక్కణ్ణించి తెస్తాను? డెరిక్‌కి మాత్రం చెప్పకు. వాడు జాలిపడితే నేను భరించలేను." చెప్పనని మాటిచ్చాను.

డెరిక్ ఆమె మొగుడు. బస్సు డిపోలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. రిటైరవగానే మా వైపు మగవాళ్ళకి పట్టే పిచ్చే అతనికీ పట్టింది. పెట్టెల్లో ముక్కలుగా వచ్చే స్పోర్ట్స్ కారు కొని ఇంట్లో బిగించుకోవడం ఆ పిచ్చి. తొమ్మిదేళ్ళుగా అది గ్యారేజీలోనే ఉంది. ఆ గ్యారేజీ నేల డెరిక్ స్వయంగా కాంక్రీటు కలిపి పోసుకున్నది. బిలియర్డ్స్ బల్లలా చదునుగా ఉంటుందని కనబడినవాళ్ళందరికీ చెప్పేవాడు. డెరిక్‌కి గొప్ప చెప్పుకోవడానికి ఉన్నది ఆ నేల ఒక్కటే, అందుకని ఎవరూ అడ్డుచెప్పేవారు కాదు.

ఇంజనూ చక్రాలూ అయ్యాక కారు ఒంటికి ఏం తొడగాలన్న ప్రశ్న వచ్చింది. అందులో రెండేళ్ళు గడిచాయి. కార్బన్ ఫైబర్, అల్యూమినియం, ఫైబర్‌గ్లాస్ నమూనా ముక్కలు మూడూ వాళ్ళ భోజనాల బల్లమీదే ఉండేవి. ఒక ఆదివారం నన్ను భోజనానికి పిలిచి, నా పళ్ళెం పక్కనే వాటిని పరిచాడు.

"ఈ కార్బన్ ఫైబర్ పట్టుకు చూడు గ్లెనిస్, బరువే తెలీదు" అన్నాడు డెరిక్.

"ధర కూడా అలాగే తెలీకుండా ఉంటుందా?"

"ధర సంగతి వేరు. కారు ఎంత తేలికైతే అంత పరుగు."

"తేలిక కావాలంటే పొద్దున పూట రెండు సాసేజీలు మానెయ్యి డెరిక్. కారుని చిక్కించడం దేనికి, డ్రైవరు ఉన్నాడుగా."

అల్యూమినియం ముక్క మీద అప్పటికే చిన్న సొట్ట ఉంది. గ్లెనిస్ చేతిలోంచి బంగాళాదుంప జారి పడిందట. బంగాళాదుంపకి తట్టుకోలేనిది రాళ్ళకేం తట్టుకుంటుందని ఆమె వాదన. ఫైబర్‌గ్లాస్ ముక్కనైతే కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమింది. "ఇక్కడ పల్లం, ఇక్కడ మెరక. గోడైతే లప్పం పెట్టించేదాన్ని" అంది. ఆఖరికి తీర్పు ఆమెదే అయింది. మూతి, చక్రాల మీది రెక్కలు అన్ని వైపులకీ వంగాలి కాబట్టి ఫైబర్‌గ్లాస్. తలుపుల్లేని రెండు పక్కలూ, ఇంజను మీది మూతా బల్లపరుపుగా ఉంటాయి కాబట్టి అల్యూమినియం. కార్బన్ ఫైబర్ ముక్క వేడి గిన్నె కింద పెట్టుకోవడానికి బాగా పనికొచ్చింది.

రెండు రకాల వస్తువులకి ఒకే తీరున రంగు పట్టించడం కష్టం కాబట్టి, పైన కాగితంలా అంటించే వినైల్ తొడుగు వేద్దామని డెరిక్ అన్నాడు. "అంటించే మనిషిని ఇంట్లో పెట్టుకుని ఊరంతా వెతకడం ఎందుకు, నువ్వు చెయ్యి" అని కూడా అన్నాడు. ఆ సాయంత్రమే ఆమె కంచె దగ్గరకి వచ్చింది.

"ఒప్పుకున్నాను. ఇది తిన్నగా వస్తే హాలు కాగితం పని పట్టుకుంటాను. రాకపోతే రోలండ్‌కి ఉత్తరం రాసేసి, సంచి అటకెక్కించేస్తాను" అంది.

కారు సంగతి నాకు అక్కర్లేదు గానీ, ఆ రోజు నుంచీ ఆ కారు తిన్నగా రావాలని మనసులో మొక్కుకున్నాను.

రంగు ఎంచడం గోడ కాగితం ఎంచినట్టే చేసింది. వినైల్ ముక్కలన్నీ కారు రేకుల మీద అతికించి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, వాన పడుతుండగా ఒకసారి చూసింది. ఎండలో ఎలా ఉంటుందో చూడవా అని డెరిక్ అడిగితే, "ఈ ఊళ్ళో దాన్ని ఎండలో చూసేదెవరు?" అంది. అతనికి ముదురు పచ్చ కావాలి. ఇలాంటి కార్ల వాళ్ళ క్లబ్బులో పదిహేడు కార్లుంటే పద్నాలుగు పచ్చవేనని, మన కారు ఏదో కనుక్కోవడానికే అరగంట పడుతుందని కొట్టేసింది. కార్బన్ ఫైబర్ నేత అచ్చువేసిన వినైల్ చూపించి మళ్ళీ ఆశపడ్డాడు. "అది కట్టుడు పళ్ళు పెట్టుకుని నవ్వడం లాంటిది" అంది. నిగనిగలాడేదైతే ఫైబర్‌గ్లాస్ మెరకపల్లాలన్నీ బయటపెడుతుంది, అసలు మెరుపు లేనిదైతే ప్రతి వేలిముద్రా పట్టుకుంటుంది. ఆఖరికి పట్టులాగా మెత్తటి మెరుపున్న నేరేడుపండు రంగు, దాని మీద రెండు పక్కలా ముక్కు నుంచి తోక దాకా మీగడ రంగు చార అని తేల్చింది.

పనిలో దిగాక మాత్రం గ్లెనిస్ నలభై ఏళ్ళ మనిషైపోయింది. ఫైబర్‌గ్లాస్‌కి అచ్చులోంచి వచ్చినప్పుడు పట్టిన మైనమంతా స్పిరిట్‌తో తుడిచింది. వేడిగాలి గన్నుతో వినైల్‌ని మెత్తబరిచి, మూతి చుట్టూ ముడత లేకుండా సాగదీయడానికే మూడు రోజులు పట్టింది. సగంలో తీసి పారేసి మళ్ళీ మొదలుపెట్టింది. నాలుగో రోజు అంచులన్నీ నున్నగా కూర్చున్నాయి. అన్నిటికన్నా చివర చార. రసమట్టం పెట్టి, బుడగ నడిమధ్యకి వచ్చాక దారం లాగి, ఊపిరి బిగబట్టి అతికించింది. గ్యారేజీ గోడ ఇటుక వరసలకి ఆ చార సరిగ్గా సమాంతరంగా ఉంది. నేను చూశాను, తప్పు పట్టడానికేం కనబడలేదు. ఆ రాత్రి వాళ్ళింట్లోంచి పాట వినబడింది, పాడుతున్నది గ్లెనిస్.

ఆదివారం క్లబ్బు వాళ్ళందరూ కాలువ పక్కనున్న పబ్బు దగ్గర కలుస్తారు. మా వీధి ఏటవాలు, దారి పొడవునా ఎత్తుపల్లాలు, కాబట్టి అక్కడికి చేరేదాకా ఎవరికీ ఏమీ తెలియలేదు. పబ్బు ముందు స్థలం మాత్రం కాలువ పక్కది, నీళ్ళలాగే చదును. అక్కడ డెరిక్ కారు ఆపాడు, అతనూ గ్లెనిసూ దిగారు. నేను వెనకే నా కారులో వచ్చి చూశాను. చార తోక దగ్గర కింద మొదలై ముక్కు దాకా ఎక్కుతూ పోయింది. కారు మమ్మల్నందరినీ చూసి ముక్కు ఎగరేసినట్టుంది.

పదిహేడు మంది చుట్టూ చేరారు. పదిహేడు మందీ చూశారు. "కదలకుండానే కదులుతున్నట్టుంది" అన్నాడొకడు. ఇంకొకడు "ధైర్యమైన ఆలోచన" అన్నాడు. రోలండ్ బ్లైత్ క్లబ్బుకీ కార్యదర్శే. అతను కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "చాలా హుషారుగా ఉంది గ్లెనిస్" అన్నాడు.

గ్లెనిస్ థాంక్స్ చెప్పింది. మళ్ళీ కారు వైపు చూడలేదు. ఇంటికి వచ్చాక ఆ సాయంత్రమే రోలండ్‌కి ఉత్తరం రాసి, పొద్దున పోస్టు చేసేసింది. సంచి అటకెక్కింది. కంచె దగ్గరకి రావడం మానేసింది.

రెండు రోజులు ఓపిక పట్టాను. మూడో రోజు డెరిక్ గ్యారేజీ ముందు నిలబడి ఉంటే నా నోరు ఆగలేదు. మాటిచ్చానని గుర్తుంది, అయినా మొత్తం కక్కేశాను. శుక్లం సంగతి, మిసెస్ పెనక్ సంగతి, హాలు సంగతి, ఉత్తరం సంగతి అన్నీ చెప్పాను.

డెరిక్ మొహం పాలిపోయింది. "ఉత్తరం పోస్టు చేసేసిందా?" అని అడిగాడు. చేసేసిందన్నాను. అతను లోపలికి వెళ్ళి గ్లెనిస్‌ని చెయ్యిపట్టుకుని గ్యారేజీలోకి తీసుకొచ్చాడు. నన్ను పొమ్మనలేదు, నేనూ పోలేదు.

జేబులోంచి సైకిలు బేరింగు గుండు ఒకటి తీసి, కారు వెనక చక్రం దగ్గర నేలమీద పెట్టి వదిలాడు. అది కారు కిందుగా దొర్లుకుంటూ, ముందు చక్రాలు దాటి, గుమ్మం దాటి, వాకిట్లో పడింది.

"నేల వాలు" అన్నాడు డెరిక్. "నువ్వు చార సరిగ్గానే పెట్టావు. కారే ముందుకి ఒరిగి ఉంది."

గ్లెనిస్ వంగి నేలని అరచేత్తో తడిమింది.

"కాంక్రీటు పోసిన మర్నాడే తెలిసింది నాకు. బిగించినన్నాళ్ళూ ముందు చక్రాల కింద చెక్కలు పెట్టుకునే బిగించాను. నువ్వు పని మొదలుపెట్టే ముందు తీసేశాను, అవి నీ కంటబడతాయేమోనని."

"పబ్బు దగ్గర చూడగానే నీకు తెలిసిందా?"

"చూడగానే తెలిసింది. నువ్వు పెద్దగా పట్టించుకోలేదనుకున్నాను. పట్టించుకోలేదని అనుకోవడం నాకు సుఖంగా ఉంది, అందుకని అనుకున్నాను. నాకు సిగ్గుగా ఉంది గ్లెనిస్."

ఆమె అటకెక్కించిన సంచి తెప్పించింది. రసమట్టం చార మీద పెట్టింది. బుడగ నడిమధ్యకి వచ్చి ఆగింది. అవతలి పక్కకి వెళ్ళి అక్కడా పెట్టింది. అక్కడా అంతే. అప్పుడు కారు రెక్క మీద చెయ్యి ఆనించుకుని ఏడ్చింది. ఇరవై ఆరేళ్ళలో ఆమె ఏడవడం నేను చూడలేదు. డెరిక్ ఏం చెయ్యాలో తోచక ఆమె వీపు మీద తడుతూ, రెండో చేత్తో జేబులో గుడ్డ వెతుక్కుంటున్నాడు.

"చార పీకి మళ్ళీ అంటిద్దామా?" అన్నాడు కాసేపటికి.

"దేనికి? నాది తిన్నగానే ఉంది" అంది ముక్కు తుడుచుకుంటూ.

తరవాతి ఆదివారం కారు అలాగే ముక్కెగరేసుకుని పబ్బుకి వెళ్ళింది. రోలండ్ బ్లైత్ గ్లెనిస్ దగ్గరకి వచ్చి, ఉత్తరం అందిందని, కమిటీ చాలా విచారించిందని, చెస్టర్‌ఫీల్డ్ పట్నం నుంచి ఎవరినో మాట్లాడుతున్నామని మెల్లగా చెప్పాడు. గ్లెనిస్ నోరు తెరిచి, డెరిక్ వైపు చూసి మళ్ళీ మూసుకుంది. మొగుడి పరువు పదిహేడు మంది ముందు తీయడం ఆమె వల్ల కాలేదు.

డెరిక్ తన బీరు గ్లాసు కారు మీద పెట్టాడు.

"రోలండ్, నా గ్యారేజీ నేల వంకర" అన్నాడు. ఎదుటి బల్లల వాళ్ళకి కూడా వినబడేంత గట్టిగా అన్నాడు. "మూడంగుళాలు వాలు. ముప్పయ్యేళ్ళుగా అందరికీ అబద్ధం చెప్పాను. ఆ నేల మీద ఆవిడ రసమట్టం పెట్టి చార అంటించింది, ఆ చార వెంట్రుకవాసి కూడా తప్పలేదు. కావాలంటే అందరూ ఇప్పుడే మా ఇంటికి రండి, చూపిస్తాను. ఆ కాగితం ఇంకెవరి చేతిలోనైనా పెట్టావా, నీకన్నా తెలివితక్కువవాడు ఉండడు."

మా వాళ్ళలో ఎవరూ అంత సూటిగా మాట్లాడగా నేను వినలేదు. రోలండ్ మెడదాకా ఎర్రబడి, ఏదో మర్యాద మాట వెతుక్కుని, దొరకక, జేబులోంచి హాలు తాళంచెవి తీసి గ్లెనిస్‌కి ఇచ్చాడు. ఆమె అది తీసుకుని చేతిసంచిలో వేసుకుంది. తరవాత డెరిక్ గ్లాసు కారు మీద నుంచి తీసి, వినైల్ మీద తడి గుర్తు పడిందేమోనని కొంగ్రొత్త రుమాలుతో తుడిచి, గ్లాసు అతని చేతికిచ్చింది.

"సోమవారం పొద్దున ఏడింటికల్లా హాలు దగ్గరుండు. జిగురు కలపడానికి నాకొక మనిషి కావాలి" అంది.