జిడ్డు ఆట

తోటి టెన్నిస్ ఆటగత్తెలు ఆమెను 'జిడ్డు' అనేవాళ్ళు. గట్టిగా కొట్టే చెయ్యి కాదు ఆమెది. కానీ ఎక్కడ కొట్టినా, ఎంత బలంగా కొట్టినా బంతి తిరిగొచ్చేసేది. "అమ్మ బాబోయ్, దీంతో ఆడే బదులు బావి తవ్వుకోవచ్చు" అనేవాళ్ళు గెలిచినవాళ్ళు కూడా. ర్యాంకు మాత్రం మూడొందలకీ నాలుగొందలకీ మధ్య ఊగుతుండేది.

టోర్నమెంట్లకి కారులో తిప్పేది పిన్ని. ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో మాస్టరమ్మ. ఆట అంతగా అర్థమయ్యేది కాదు గానీ, ఖాళీ గ్యాలరీలో ఆవిడొక్కతే చప్పట్లు కొడుతుంటే ఓ గుంపు కూర్చున్నట్టుండేది.

ఓసారి పెద్ద టోర్నమెంటులో అర్హత పోటీల ఆఖరి మ్యాచ్ పోయింది. మర్నాడు ఇద్దరూ హోటల్ వెనక సందులోని లాండ్రీకెళ్ళి, ఉన్న బట్టలన్నీ మెషిన్లో పడేసి బెంచీ మీద చతికిలబడ్డారు. ఇంతలో ఫోన్.

"ఒకామెకి చీలమండ బెణికింది, తప్పుకుంది" అన్నాడు టోర్నమెంటు ఆఫీసరు. "అర్హత పోటీల్లో ఓడినవాళ్ళలో ఆమె బదులు ఆడే ఛాన్సు మీకే వచ్చింది. వెంటనే రండి."

"పిన్నీ, బట్టలు!"

మెషిన్ తలుపు బిగుసుకుపోయింది. లోపల స్కర్టులు గింగిరాలు తిరుగుతున్నాయి.

"బట్టల సంగతి తర్వాత. కారెక్కవే! బెల్టు పెట్టుకో ముందు!"

ముందురోజు ఆమెను ఓడించిన పొడుగమ్మాయే తన బట్టలిచ్చింది. స్కర్టు నడుం దగ్గర జారిపోతుంటే పిన్ని గబగబా మడిచి కుట్టినంత పనిచేసింది.

"ఆగుతుందంటావా?"

"పిన్నీ ఉంది, పిన్నీసులూ ఉన్నాయి. నీకెందుకే భయం?"

అవతల ఆడేది పేరుమోసిన క్రీడాకారిణి. ఆమె సర్వీసు తుపాకి గుండే. కళ్ళు మూసి తెరిచేలోగా మొదటి సెట్ పోయింది. అప్పుడు జిడ్డు కాస్త వెనక్కి జరిగి నిలబడి, తనకొచ్చిన ఒకే ఒక్క పని చేసింది. బంతిని తిరిగి పంపింది. మళ్ళీ పంపింది. పేరుమోసినావిడకి చిర్రెత్తుకొచ్చి రాకెట్ నేలకేసి కొట్టింది. మొదట నవ్విన జనమే, పిన్ని కేక అందుకోగానే "జిడ్డూ! జిడ్డూ!" అని గొంతు కలిపారు. రెండో సెట్ జిడ్డుదైంది.

మూడో సెట్ చివర పేరుమోసినావిడ కొట్టిన బంతి వలకి తగిలి ఆవిడవైపే పడిపోయింది. గెలిచానని జిడ్డుకి అర్థంకాక, ఇంకో బంతి కోసం ఎదురుచూస్తూ నిలబడింది. అంపైర్ పిలిచి చెయ్యి కలిపేదాకా కదల్లేదు. పైన పిన్ని పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషిని కావలించుకుని ఏడ్చేస్తోంది.

రెండో రౌండులో చిత్తుగా ఓడిపోయింది. పెద్ద టోర్నమెంటు అసలు పోటీల్లో చోటు మళ్ళీ దక్కలేదు. అయినా ఆమెకి దిగులు లేదు. పొడుగమ్మాయితో జోడీ కట్టి డబుల్స్ మొదలుపెట్టింది. నెట్ దగ్గర ఆ అమ్మాయి, వెనక గోడలా జిడ్డు.

పోయిన నెల ఇద్దరూ ఓ చిన్న టోర్నమెంటు గెలిచారు. వచ్చేటప్పుడు వెనక సీట్లో కప్పు ఎవరి ఒళ్ళో ఉండాలని పోట్లాడుకుంటుంటే, "ఇద్దరూ నోరు మూసుకుంటారా, దింపెయ్యమంటారా?" అంది పిన్ని, నవ్వాపుకుంటూ.