ఇంటర్వ్యూలో సాక్ష్యం

నాకు మాట్లాడటం చేతకాదంటే మా ఊరి చర్చిలో ఎవరూ నమ్మరు. చిన్నప్పుడు నాకు బ్లడ్ క్యాన్సర్ వచ్చి తగ్గింది. అప్పటి నుంచి ప్రార్థనా కూడిక ఎక్కడ పెట్టినా పాస్టరు గారు "సాక్ష్యం చెప్పు బిడ్డా" అని నన్నే లేపేవారు. ప్రభువు నన్నెలా బాగుచేశాడో గడగడా ఒప్పజెప్పేదాన్ని. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌కు వచ్చాక మాత్రం నోటికి తాళం పడింది. జబ్బు సంగతి తెలిస్తే ఎవరూ నా పక్కన కూర్చుని తినరేమోనని భయం. గదిలో నలుగురం ఉండేవాళ్లం. నాకు మాత్రం ఎప్పుడూ ఒక్కదాన్నే ఉన్నట్టుండేది.

అలాంటి జబ్బు నుంచి బయటపడ్డ పిల్లలకు డిగ్రీ ఫీజు కట్టే స్కాలర్‌షిప్ ఒకటుందని దవాఖానలో చెప్పారు. అది రాకపోతే హాస్టల్ ఖాళీ చేసి ఊరికి పోవడమే. ఇంటర్వ్యూ ఎల్బీనగర్‌లో. అమ్మ పొద్దున్నే బస్సెక్కి వచ్చి, లోపల నా వెనక కుర్చీలో కూర్చుంది.

"నీ గురించి చెప్పమ్మా," అన్నారు ఎదురుగా ఉన్న డాక్టరమ్మ.

నా గురించి చెప్పడమంటే నాకు తెలిసింది ఒక్కటే. లేచి నిలబడి, "ప్రభువు నామమున మీకందరికీ వందనాలు," అని మొదలుపెట్టాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! "డాక్టర్లు చేతులెత్తేశారు, మా అమ్మ ఉపవాస ప్రార్థన చేసింది, ప్రభువు నన్ను లేపాడు..."

వెనక నుంచి అమ్మ "స్తోత్రం!" అంది.

డాక్టరమ్మ నవ్వారు. "మేం చేతులెత్తేస్తే మందులెవరిచ్చారే పిల్లా? సరే, కూర్చో. అప్పుడు భయమేస్తే ఎవరితో చెప్పుకునేదానివి?"

ఆ మాట నన్ను ఏ కూడికలోనూ ఎవరూ అడగలేదు.

"పక్క మంచం పిల్లతోని, మేడం. ఇద్దరికి నెత్తిల ఒక్క ఎంట్రుక లేకుండె. దుప్పట్ల దూరి ముచ్చట్లు పెట్టుకునేటోళ్లం."

"ఇప్పుడెక్కడుందా అమ్మాయి?"

"లేదు మేడం," అన్నాను. "వాళ్లమ్మ గూడ ఉపవాసమున్నది."

ఈసారి వెనక నుంచి చప్పుడు లేదు. ఏం చదువుతావని అడిగితే ఏదో చెప్పి బయటపడ్డాను.

షేర్ ఆటోలో అమ్మ కొత్తపేట దాటేదాకా నోరు విప్పలేదు. కొంప ముంచాను, స్కాలర్‌షిప్ పోయినట్టే, అందుకే కోపం అనుకున్నాను.

"గా తల్లికి ఉపవాసముండుమని చెప్పింది నేనే బిడ్డా," అంది చివరికి. "నీ బిడ్డ గూడ లేస్తదని మాటిచ్చిన. పిల్ల పోయినంక ఆమె మొకం సూడనీకె నాకు పానం ఒప్పలే."

ఇన్నేళ్లూ ఆ పిల్లను తలుచుకునేది నేనొక్కదాన్నే అనుకున్నాను. ఒకే ఇంట్లో ఉండి ఎవరి ఏడుపు వాళ్లమే ఏడ్చుకున్నాం. ఆటో నిండా జనం. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

స్కాలర్‌షిప్ వచ్చింది. ఆ ఆదివారం ఊళ్లో పాస్టరు గారు సంబరంగా, "రా బిడ్డా, సాక్ష్యం చెప్పు," అని పిలిచారు. అలవాటుగా లేవబోయాను. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని లేవనియ్యలేదు.